ఆపద వేళ తలుపు తీసే హక్కు ఎవరిది?

నల్లమలలో ఎగువ అహోబిలం దాటి, భవనాశిని వాగు వెంట జ్వాలా నరసింహుడి సన్నిధి దాకా వెళ్ళి, అక్కణ్ణించి ఇంకా పైకి ఎక్కితే ఉగ్రస్తంభం వస్తుంది. పేరుకు స్తంభమే గానీ అది నిలువునా చీలినట్టున్న కొండకొమ్ము. ఆ చీలిక కింద దారిలోంచే కనిపిస్తుంది. హిరణ్యకశిపుడి సభ ఇక్కడే ఉండేదని, ప్రహ్లాదుడు చూపిన స్తంభం ఇదేనని, నరసింహుడు వెలువడింది ఈ చీలికలోంచేనని స్థలపురాణం చెబుతుంది. ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఊళ్ళలో ఈ కథ తెలియని పిల్లవాడు ఉండడు. మనం దీన్ని భక్తికథగా వింటాం, దుష్టశిక్షణగా వింటాం. దీని నడుమ ఒక ధర్మసందేహం ఉన్న సంగతి మాత్రం అంతగా పట్టించుకోం. ఎవరూ లోపలికి రాకూడదని కట్టుదిట్టం చేసుకున్న చోటికి, ఆపద వచ్చిందన్న కారణంతో బయటివాడు రావచ్చా? వస్తే ఏ హక్కుతో రావాలి? పని అయ్యాక ఎంతసేపు ఉండాలి? దేవుడు కాబట్టి రావచ్చు అనేస్తే సందేహం తీరదు. దేవుడి పేరు చెప్పుకొని, ప్రభుత్వం పేరు చెప్పుకొని, ప్రజల మేలు పేరు చెప్పుకొని తలుపులు తోసుకుంటూ వచ్చినవాళ్ళు చరిత్ర నిండా ఉన్నారు.

ఇదే సందేహం ఇవాళ అహోబిలం ఉన్న నంద్యాల జిల్లాలో ప్రతి కార్యాలయంలోనూ ఉంది. 2022 ఏప్రిల్ 4న కర్నూలు నుంచి విడిపోయి కొత్త జిల్లా ఏర్పడే నాటికే పొలం హక్కుల వివరాలు, రిజిస్ట్రేషను, రేషను, పింఛను, బ్యాంకు ఖాతా అన్నీ ఎక్కడెక్కడి సర్వర్లలోకో చేరిపోయాయి. సచివాలయంలో ఉద్యోగి ముందు తెర ఉంటుంది తప్ప సర్వర్ ఉండదు. అది మొరాయిస్తే వరుసలో నిలబడ్డ రైతుకు దక్కేది "సర్వర్ డౌన్, రేపు రండి" అన్న మాటే. దాన్ని లేపగలిగిన మనిషి ఆ ఊళ్ళో ఉండడు, చాలాసార్లు ఆ జిల్లాలోనే ఉండడు. హైదరాబాదులోనో బెంగళూరులోనో నిద్రపోతున్నవాణ్ణి అర్ధరాత్రి ఫోన్ చేసి లేపితే, అతను ఇంట్లోంచే ఆ యంత్రంలోకి ప్రవేశించి బాగుచేయాలి. మామూలు దారి మూసుకుపోయినప్పుడు కూడా తెరుచుకునే ఇంకో దారి అందుకోసం ముందే పెట్టి ఉంచుతారు. మిగతా భద్రతా ఏర్పాట్లన్నీ జనాన్ని బయట ఉంచడానికి పెట్టినవి. ఈ ఒక్కటే ఎవరో ఒకర్ని లోపలికి రానివ్వడానికి పెట్టింది. ఆ ఒక్కరు ఎవరన్నది ఇంజనీరు ఒక్కడే తేల్చగలిగిన విషయం కాదు.

ఆ దారి ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చూడాలి. సర్వర్ పెట్టె లోపల అసలు కంప్యూటరు కాకుండా ఇంకో చిన్న కంప్యూటరు ఉంటుంది. డెల్ యంత్రాల్లో దాన్ని ఐడ్రాక్ అంటారు, హెచ్‌పీ యంత్రాల్లో ఐలో అంటారు. దానికి సొంత నెట్‌వర్కు, సొంత చిరునామా, సొంత పాస్‌వర్డు ఉంటాయి. ఆపరేటింగ్ సిస్టమ్ కుప్పకూలినా, యంత్రాన్ని పూర్తిగా ఆపేసినా, ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపు ఇది మేలుకొనే ఉంటుంది. దూరాన ఉన్న నిర్వాహకుడు దీని ద్వారా పెట్టెను ఆపి మళ్ళీ నడిపించగలడు, దాని తెర మీద ఏముందో చూడగలడు, ఎదురుగా కూర్చున్నట్టే టైపు చేయగలడు. యంత్రం పూర్తిగా చేతులెత్తేసిన వేళ దాని కడుపులోనే ఒక శక్తి మెలకువగా ఉందన్నమాట. దాని వల్ల మేలు ఎంతో కీడూ అంతే. హెచ్‌పీ ఐలో నాలుగో తరంలో 2017లో ఒక లోపం దొరికింది. పంపే అభ్యర్థనలో ఒకచోట ఇంగ్లీషు 'ఎ' అక్షరాన్ని వరుసగా 29 సార్లు పెడితే, పాస్‌వర్డు అడగకుండానే అది తలుపు తీసేది. కంపెనీ దిద్దుబాటు విడుదల చేసింది. అయినా ఆ 29 అక్షరాలు చెప్పే సంగతి చిన్నది కాదు. ఆపదకోసం పెట్టిన దారికి మామూలు దారికన్నా గట్టి కాపలా ఉండాలి. మనుషులు చేసేది మాత్రం సాధారణంగా దీనికి తలకిందులు. ఎప్పుడో గానీ వాడం కదా అని దాన్నే అశ్రద్ధగా వదిలేస్తారు.

ఇప్పుడు పురాణం దగ్గరికి వద్దాం. భాగవతం ప్రకారం హిరణ్యకశిపుడు మందరగిరి లోయలో ఘోరతపస్సు చేసి బ్రహ్మను అడిగిన వరం ఒక నిషేధాల పట్టిక. నువ్వు సృష్టించిన ఏ ప్రాణి చేతా చావకూడదు. లోపలా బయటా, పగలూ రాత్రీ, నేల మీదా ఆకాశంలోనూ, ఆయుధంతోనూ, మనిషి చేతా మృగం చేతా చావకూడదు. ఇవాళ సర్వర్ల ముందు రాసిపెట్టే ఫైర్‌వాల్ నియమాలు సరిగ్గా ఇదే ధోరణిలో ఉంటాయి. నరసింహుడు ఈ షరతుల్లో ఒక్కదాన్ని కూడా ఉల్లంఘించలేదు. మనిషీ మృగమూ కాని రూపం, లోపలా బయటా కాని గడప, పగలూ రాత్రీ కాని సంధ్య, నేలా నింగీ కాని తొడ, ఆయుధం కాని గోరు. సర్వశక్తిమంతుడికి ఇంత శ్రమ ఎందుకు? ఒక రాక్షసుడికి బ్రహ్మ పొరపాటున ఇచ్చిన వరాన్ని చెల్లదని తోసిపారేస్తే అడిగేదెవరు? ఈ ఘట్టాన్ని దేవుడి చమత్కారంగా, అసురుడి తెలివికి పైయెత్తుగా చెప్పడం మనకు అలవాటు. నాకు ఆ వ్యాఖ్యానం చాలదనిపిస్తుంది. ఇక్కడ కనిపించేది నిగ్రహం. ఇచ్చిన మాట మొదటి ఆపదకే చెల్లకుండా పోతే ఇక ఏ మాటా చెల్లదు. లోకాన్ని కాపాడటానికి వచ్చినవాడు లోకాన్ని నిలబెట్టే మాటను తుంచలేదు. తన రూపాన్నే ఆ మాటకు సరిపడేలా మలుచుకున్నాడు. ఆపద వచ్చింది కాబట్టి నియమాలు పక్కన పెడదాం అనే పాలకుడికీ, పాస్‌వర్డులన్నీ కాసేపు తీసేద్దాం అనే నిర్వాహకుడికీ అహోబిలం ఇచ్చే జవాబు ఇదే. ఆపదలో నియమం ఎక్కువ అవసరం, తక్కువ కాదు.

దీని మీద గట్టి ఆక్షేపణే వస్తుంది. షరతుల మధ్య సందు చూసుకొని దూరడం మాట నిలబెట్టడం ఎలా అవుతుంది? హ్యాకరు చేసేదీ అదే. నియమం రాసినవాడు మర్చిపోయిన మూల వెతుక్కొని లోపలికి వస్తాడు. అప్పుడు నరసింహావతారం కూడా దొడ్డిదారి ప్రవేశమే కదా? కథను నిదానంగా చదివితే కాదని తేలుతుంది. ఇంట్లోవాళ్ళెవరికీ తెలియకపోవడం దొడ్డిదారికి మొదటి లక్షణం. 2024 మార్చిలో బయటపడ్డ ఎక్స్‌జెడ్ ఉదంతం అలాంటిది. లినక్స్ యంత్రాల్లో ఫైళ్ళను కుదించే ఒక చిన్న ప్రోగ్రాములోకి, ఏళ్ళ తరబడి నమ్మకస్తుడిలా పనిచేసిన ఒక అజ్ఞాత వ్యక్తి రహస్య ద్వారం చొప్పించాడు. దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్ళడానికి ప్రపంచమంతా వాడే ఎస్‌ఎస్‌హెచ్‌ను అది లోపల్నుంచి గుల్ల చేసేది. తన దగ్గరున్న ఒక్క తాళంచెవికే తెరుచుకునేలా దాన్ని కట్టాడు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆరా తీయబట్టి అది దొరికింది. ప్రహ్లాదుడి స్తంభంలో ఇలాంటి దాపరికం ఏమీ లేదు. హరి లేని చోటు లేదని ఆ పిల్లవాడు నిండు సభలో తండ్రి ముఖం మీదే చెప్పాడు. ఈ స్తంభంలో ఉన్నాడా అని అడిగినవాడు హిరణ్యకశిపుడే. స్తంభాన్ని గుద్దిన పిడికిలీ అతనిదే. అంతటా ఉన్నవాడి గురించి అతనికి చెప్పనివాళ్ళు లేరు, అతనే నమ్మలేదు. ఇంకో సంగతి. ప్రహ్లాదుడు ఆ క్షణాన రక్షించమని మొరపెట్టుకోలేదు, ఉన్నాడని సాక్ష్యం చెప్పి దానికి ప్రాణం ఒడ్డాడు. తన భక్తుడు పలికిన మాట నిజం చేయడానికే హరి స్తంభంలోంచి వచ్చాడని భాగవతం అంటుంది. అంటే ఆ ప్రవేశం రెండు మాటలకు కట్టుబడి ఉంది. ఒకటి బ్రహ్మ ఇచ్చినది, రెండోది లోపల నలుగుతున్న పిల్లవాడు పలికినది.

లోపల నలుగుతున్నవాడు అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. నా వాదానికి పట్టుగొమ్మ అదే. హిరణ్యకశిపుడు లోకాలను ఆక్రమించి కూర్చున్నవాడు, యజమాని కాడు. సభ అతని అధీనంలో ఉండవచ్చు, అందులో ఎవరి ప్రాణం మీదికి వచ్చిందో వాళ్ళ మాటకే ఎక్కువ విలువ. సర్వర్ విషయంలోనూ అంతే. యంత్రం కొన్నది ఒక శాఖ, నడిపేది ఒక కాంట్రాక్టు సంస్థ, అందులో ఉన్నది మాత్రం రైతు సర్వే నంబరు, రోగి రక్తపరీక్ష, వృద్ధురాలి పింఛను. అత్యవసర దారి ఎవరికోసం అన్న ప్రశ్నకు జవాబు వీళ్ళ దగ్గర మొదలు కావాలి. ప్రవేశించే హక్కు ప్రవేశించేవాడి శక్తి నుంచి పుట్టదు, లోపలివాడి అవసరం నుంచి పుడుతుంది. ఈ వరుస తారుమారైతే ఏమవుతుందో మోసగాళ్ళు రోజూ చూపిస్తున్నారు. ఎనీడెస్క్ అనేది దూరం నుంచి ఇంకొకరి కంప్యూటరు బాగుచేయడానికి పుట్టిన పరికరం, దానంతట దానిలో దోషం లేదు. కానీ "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, మీ ఖాతా ఆగిపోతోంది, ఈ యాప్ వేసుకొని నంబరు చెప్పండి" అంటూ వచ్చే ఫోన్లు ఎక్కువై, 2019 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు ఆ పద్ధతి గురించి బ్యాంకులను హెచ్చరించాల్సి వచ్చింది. అక్కడ ఆపదను కల్పించేదీ, తలుపు తీయమనేదీ, లోపలికి వచ్చేదీ ఒక్కడే. ఆపద వచ్చిందని ప్రకటించే అధికారం, లోపలికి వెళ్ళే అధికారం ఒకే చేతిలో ఉన్నాయంటే ఆ చేయి ఎవరిదైనా సరే అనుమానించవలసిందే.

అహోబిలం చరిత్రలోనే దీనికి రెండు దృష్టాంతాలు ఉన్నాయి. 1579 ప్రాంతంలో గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా సేనలు, హండే నాయకులు కలిసి అహోబిలాన్ని ఆక్రమించారు. ఐదారేళ్ళు క్షేత్రం వాళ్ళ చేతిలోనే ఉండిపోయింది. అప్పుడు అహోబిల మఠం జీయరు విజయనగర ప్రభువు శ్రీరంగరాయల్ని ఆశ్రయించారు. కొండరాజు వెంకటరాజు సైన్యంతో వచ్చి సీమను విడిపించి ఆలయాన్ని మళ్ళీ నిలబెట్టాడు. ఆలయంలో ఉన్న 1584 నాటి శాసనం ఈ సంగతి చెబుతుంది. దూరాన ఉన్న శక్తి, లోపల ఉండి నష్టపోయినవాడి పిలుపు మీద కదిలింది. గెలిచాక క్షేత్రం తిరిగి మఠం చేతికి వచ్చింది. రెండోది మన కాలానిది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అహోబిలం దేవస్థానానికి కార్యనిర్వహణాధికారిని నియమించింది. మఠం తమిళనాడులో ఉంది, గుడి ఆంధ్రలో ఉంది, రెండూ వేరువేరు అన్నది ప్రభుత్వ వాదం. గుడి మఠంలో విడదీయరాని భాగమని, అలా అధికారిని పెట్టే హక్కు రాష్ట్రానికి లేదని 2022 అక్టోబరులో హైకోర్టు తీర్పు చెప్పింది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు ప్రభుత్వ అభ్యర్థనను తోసిపుచ్చింది. ఈ తీర్పును మతం గెలిచింది, ప్రభుత్వం ఓడింది అని చదివేవాళ్ళున్నారు. నేను అలా చదవను. మఠాల్లో, ఆలయాల్లో నిధులు దుర్వినియోగమైతే బయటి నుంచి ఎవరో ఒకరు రావాలి, రాగలగాలి. దేవుడి సొమ్ము భక్తులది. ఆ వచ్చేవాడి హద్దు ఏమిటన్నది 2014 జనవరిలో చిదంబరం నటరాజాలయం కేసులోనే సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. తప్పు దిద్దడానికి ప్రభుత్వం ఆలయ నిర్వహణను చేతుల్లోకి తీసుకోవచ్చు, ఆ తప్పు తొలగేదాకా మాత్రమే, కాలపరిమితితో మాత్రమే. గడువు లేని అత్యవసరం అత్యవసరం కాదు, ఆక్రమణ.

ఇన్ని హద్దులు పెట్టుకుంటూ కూర్చుంటే ఈలోపల ప్రాణం పోతుంది కదా అంటారు. దీనికి పోతన గజేంద్రమోక్షణాన్నే సాక్ష్యంగా తెస్తారు. అక్కడ విష్ణువు పక్కనున్న లక్ష్మికి చెప్పడు, పరివారాన్ని పిలవడు, ఆయుధాలు అందుకోడు, ఉన్నపళంగా బయలుదేరతాడు. నియమం ఎక్కడుంది, పద్ధతి ఎక్కడుంది అని అడుగుతారు. కానీ అంతకుముందు జరిగింది చూడాలి. ఏనుగు ఏళ్ళ తరబడి తన బలంతోనే మొసలితో పెనుగులాడింది. అన్నేళ్ళూ వైకుంఠం కదల్లేదు. తన వల్ల కాదని ఒప్పుకొని పిలిచాకే ఆ పరుగు. ఆ తొందర అంతా నడకలో ఉంది, పిలుపుకు ముందే దూకేయడంలో లేదు. అంత వేగంగా రాగలిగాడంటే రావడానికి దారి ఎప్పుడూ సిద్ధంగా ఉండబట్టే. ఆలస్యానికి కారణం నియమాలు కావని, సన్నద్ధత లేకపోవడమని ఈ కాలపు అనుభవమూ చెబుతోంది. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ దాదాపు ఆరు గంటలు ప్రపంచమంతటా ఆగిపోయాయి. మరమ్మతు పనిలో ఇచ్చిన ఒక ఆదేశం వాళ్ళ డేటా కేంద్రాలను కలిపే వెన్నెముక లాంటి నెట్‌వర్కునే తెంపేసింది. మామూలు దారితో పాటు ఆపదకోసం పెట్టుకున్న విడి దారీ పడిపోయింది. ఇంజనీర్లు స్వయంగా డేటా కేంద్రాలకు వెళ్ళాల్సి వచ్చింది. అక్కడా తలుపులు, యంత్రాలు అంత సులువుగా లొంగలేదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్ 85 లక్షల విండోస్ యంత్రాలను పడగొట్టింది. ఆ రోజు హైదరాబాదు విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. దూరం నుంచి బాగుచేయడం కుదరక చాలాచోట్ల మనిషి వెళ్ళి ఒక్కొక్క యంత్రాన్నే లేపాల్సి వచ్చింది. డిస్కుకు తాళం వేసిన చోట 48 అంకెల రికవరీ కీ కావాలి. కొన్ని సంస్థల్లో ఆ అంకెలు దాచిన సర్వర్ కూడా అదే దెబ్బకు పడిపోయి ఉంది. గంటల కొద్దీ కాలం తిన్నది కాపలా కాదు. ముందుగా ఆలోచించకపోవడం.

ఇంతకన్నా బరువైన ఆక్షేపణ ఇంకొకటి ఉంది, దాన్ని తేలిగ్గా దాటేయడం నాకు ఇష్టం లేదు. నరసింహుడికి సరిపోయిన తర్కం మనుషులకు ఎలా సరిపోతుంది? ఆయనకు ఎప్పుడు రావాలో తెలుసు, ఎప్పుడు పోవాలో తెలుసు. తాళంచెవి చేతిలో ఉన్న మనిషికి ఆశ ఉంటుంది, భయం ఉంటుంది, అతని దగ్గర్నుంచి దొంగిలించేవాడు ఉంటాడు. మంచివాడికోసం పెట్టిన ద్వారం చెడ్డవాడికీ పనికొస్తుందని భద్రతా నిపుణులు ఎన్నో ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు. ఒక నిందితుడి ఐఫోన్ తెరవడానికి ప్రత్యేక సాఫ్ట్‌వేరు తయారుచేయమని 2016లో ఎఫ్‌బీఐ అడిగితే ఆపిల్ ఒప్పుకోకపోవడానికి చెప్పిన కారణం అదే. 2024లో అమెరికా టెలిఫోను సంస్థల్లోకి చైనాకు చెందిన చొరబాటుదారులు దూరి, కోర్టు ఉత్తర్వులతో పోలీసులు అడిగిన సమాచారాన్ని సైతం కాజేశారని అక్కడి ప్రభుత్వ సంస్థలే ప్రకటించాయి. ఈ ఆక్షేపణలో నిజం ఉంది. అందుకే పరాయివాడు తన సౌకర్యంకోసం నా ఇంటికి పెట్టించే ద్వారానికి నేను వ్యతిరేకిని. ఇక్కడ నేను సమర్థిస్తున్నది ఇంటివాళ్ళు తమ కోసం, తమకు తెలిసి పెట్టుకునే దారిని. దానికి కూడా ఒక్క మనిషిని నమ్మకూడదు. మనిషి దేవుడు కాడు గనక అధికారాన్ని ముక్కలు చేసి పంచాలి. ఒక రహస్యాన్ని అనేక భాగాలుగా విడగొట్టి, నిర్ణీత సంఖ్యలో భాగాలు కలిస్తేనే అది తిరిగి ఏర్పడేలా చేసే గణితాన్ని ఆది షమీర్ 1979లోనే చూపించాడు. ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థకు మూలమైన తాళాన్ని 2010 నుంచి ఇలాంటి పద్ధతిలోనే కాపాడుతున్నారు. అమెరికాలో రెండు చోట్ల ఉన్న కేంద్రాల్లో, ఒక్కోచోట ఏడుగురు బాధ్యుల్లో కనీసం ముగ్గురు వస్తేనే పెట్టె తెరుస్తారు, జరిగేదంతా లోకం చూసేలా ప్రసారం చేస్తారు. ఇంత చేసినా 2020 ఫిబ్రవరిలో అక్కడ ఒక బీరువా తాళం మొరాయించి, డ్రిల్లు చేసి తెరవాల్సి వచ్చింది, కార్యక్రమం వాయిదా పడింది. పూరీ జగన్నాథుడి రత్నభాండారం తాళంచెవులు కనిపించడం లేదని 2018లో తెలిసింది. 2024 జులైలో లోపలి గది తాళాలు పగలగొట్టే తెరిచారు. తాళంచెవిని ఎవరూ దొంగిలించకుండా చూడటం ఎంత ముఖ్యమో, అవసరమైన రోజు అది పనిచేసేలా చూడటమూ అంతే ముఖ్యం.

ఇక వచ్చినవాడు ఎలా వెళ్ళాలన్నది. ఈ భాగాన్ని కథ చెప్పేవాళ్ళు సాధారణంగా తొందరగా ముగించేస్తారు, నాకు మాత్రం ఇదే అన్నిటికన్నా ముఖ్యం. హిరణ్యకశిపుడు చచ్చాక కూడా నరసింహుడి కోపం చల్లారలేదు. దేవతలు దగ్గరికి పోలేకపోయారు, లక్ష్మీదేవి కూడా జంకింది. బ్రహ్మ ప్రహ్లాదుణ్ణి పంపాడు. ఎవరి కోసం ఆ ప్రవేశం జరిగిందో ఆ పిల్లవాడే ఎదురుగా నిలబడి శాంతింపజేశాడు. అత్యవసర శక్తికి ఒక దుర్గుణం ఉంది. పని అయినా అది తనంత తానుగా చల్లారదు. దాన్ని ఆపే హక్కు లోపలివాడికి ఉండాలి. తర్వాత వరం కోరుకోమంటే ప్రహ్లాదుడు తనలో కోరికే పుట్టకుండా చేయమన్నాడు, తండ్రికి సద్గతి అడిగాడు. పిలిస్తే వచ్చే శక్తిని శాశ్వతంగా తన గుప్పిట్లో పెట్టమని అడగలేదు. ఆపైన విష్ణువు బ్రహ్మతో, అసురులకు ఇకమీదట ఇలాంటి వరాలు ఇవ్వవద్దని, అది పాముకు పాలు పోసినట్టేనని చెప్పి అంతర్ధానమయ్యాడు. బ్రహ్మ ప్రహ్లాదుణ్ణి రాజుగా నిలబెట్టాడు. మంచి నిర్వాహకులు సర్వర్ లేచాక చేసే పని వరుస కూడా ఇదే. తెరిచిన దారి మూస్తారు. వాడిన పాస్‌వర్డు ఇక ఎప్పటికీ పనికిరాకుండా మార్చేస్తారు. ఎవరు ఎప్పుడు వచ్చి ఏం చేశారో, వచ్చినవాడు కూడా చెరపలేని ఇంకో యంత్రంలో నమోదై ఉందో లేదో చూస్తారు. అసలు ఈ పరిస్థితి ఎందుకు వచ్చింది, మొదట ఎవరికి ఏ వరం ఇచ్చాం అని కూర్చుని మాట్లాడుకుంటారు. ఈ ఆఖరి పని ఎగ్గొట్టినచోట అదే ఆపద మళ్ళీ వస్తుంది. అదే అహోబిలంలో లక్ష్మితో కూర్చున్న మాలోలుడు, యోగముద్రలో ఉన్న యోగానందుడు ఉన్నారు. నవనారసింహుల్లో ఉగ్రరూపం ఒక్కటే ఉంటే ఆ క్షేత్రం పూర్తి అయ్యేది కాదు.

ఇదంతా పెద్ద పెద్ద కంపెనీల గొడవ, మనకెందుకు అని నంద్యాలలో ఎవరూ అనుకోకూడదు. 2019 మే మొదట్లో రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు రాన్సమ్‌వేర్ దెబ్బకు ఆగిపోయాయి. దెబ్బతిన్నవాటిలో అప్పటి కర్నూలు జిల్లాకు కరెంటు ఇచ్చే తిరుపతి సంస్థ కూడా ఉంది. 2023 సెప్టెంబరులో నంద్యాలకు ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. ఇక రోగుల వివరాలు యంత్రాల్లోకి ఎక్కడం పెరుగుతుందే గానీ తగ్గదు. అందువల్ల ఆస్పత్రి నడిపేవాళ్ళకు, సహకార బ్యాంకులవాళ్ళకు, కళాశాలలవాళ్ళకు, దేవస్థానాలవాళ్ళకు ఒక విన్నపం. మీ సర్వర్‌లోకి ఆపద వేళ ప్రవేశించగలిగినవాళ్ళ పేర్లు ఒక కాగితం మీద రాయండి. ఆ పేర్లలో సంస్థ వదిలి వెళ్ళినవాళ్ళు ఉంటే ఈరోజే తీసేయండి. కాంట్రాక్టరు కుర్రవాడి ఫోనులో ఒక్కచోటే పాస్‌వర్డు ఉంటే దాన్ని మార్చి, రెండు భాగాలుగా రెండు కవర్లలో పెట్టి, అతికించిన చోట ఇద్దరు బాధ్యులు సంతకాలు చేసి, రెండు వేరు వేరు బీరువాల్లో దాచండి. ఏ ఒక్కరూ రెండు కవర్లూ తామే తెరవకూడదు. దారి తెరుచుకున్న క్షణమే కనీసం ముగ్గురి ఫోన్లు మోగేలా పెట్టండి. ఆ దారి మీ మామూలు నెట్‌వర్కు మీద ఆధారపడి ఉందేమో అడిగి తెలుసుకోండి. ప్రవేశం ఎన్ని గంటలకు తనంత తానుగా రద్దవుతుందో కూడా ముందే రాసిపెట్టండి. కనుమ నాడు అహోబిలేశుడు పల్లకిలో పార్వేటకు బయలుదేరి నలభై రోజులకు పైగా ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెలు తిరుగుతాడు. వచ్చే పార్వేట మొదలయ్యేలోగా, ఏ ఆపదా లేని ఒక పనిదినం చూసుకొని, ఆ రెండు కవర్లూ తెప్పించి, ఆ దారి నిజంగా తెరుచుకుంటుందో లేదో ఒక్కసారి తెరిచి చూడండి. చూశాక కొత్త పాస్‌వర్డు పెట్టి మళ్ళీ మూసేయండి.